తగ్గిన బరువు తిరిగొస్తే తప్పెవరిది?

మూడు నెలల కిందట ఒక శనివారం సాయంత్రం మా సంఘం ఆఫీసుకు ఒక టీచరు వచ్చింది. నలభై దాటిన మనిషి. ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. లోపలికి వచ్చాక కూడా మొహానికి చుట్టుకున్న చున్నీ తీయలేదు. ఎండకు చుట్టుకుందనుకున్నాం. మంచినీళ్ళు తాగి కాసేపు కూర్చున్నాక తనే చెప్పింది. ఆ ఊరి బస్టాండు ఎదురుగా ఒక ఆస్పత్రి వాళ్ళు పెట్టిన పెద్ద బోర్డు ఉంది. దాని మీద రెండు ఫొటోలు. ఒకటి ఆపరేషన్‌కు ముందు తీసినది, ఒకటి తర్వాత తీసినది. రెండూ ఈమెవే. బరువు తగ్గించే ఆపరేషన్ ఎంత బాగా పనిచేస్తుందో ఊరందరికీ చూపించడానికి పెట్టినవి. "రోజూ ఆ బోర్డు కిందనుంచే బడికి పోవాలక్కా. పిల్లలు ఒకసారి బోర్డు వంక, ఒకసారి నా వంక చూస్తారు. నేనిప్పుడు ఆ రెండో ఫొటోలో ఉన్నట్టు లేను" అంది.

ఆపరేషన్ నాటికి ఆమె బరువు 112 కిలోలు. ఏడాదిన్నరలో 71 కిలోలకు దిగింది. ఆరేళ్ళు గడిచాక ఇప్పుడు 94. ఆపరేషన్‌కు మూడున్నర లక్షలయింది. రెండు పేటల గొలుసు కుదువ పెట్టారు, దాన్ని ఇంకా విడిపించుకోలేదు. "అంత డబ్బు తగలేసి మళ్ళీ లావెక్కింది, నోరు కట్టుకోవడం చేతగాక" అని అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ అంటుంది. భర్త ఏమీ అనడు. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ తనొక్కడే వెళ్ళొస్తాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరకు ఆమె వెళ్ళి మూడేళ్ళయింది. ఏం మొహం పెట్టుకుని వెళ్ళను అంటుంది. ఈ మధ్య అరికాళ్ళు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గుతుంటే వేరే డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుంది. బి12 విటమిన్ బాగా పడిపోయిందని తేలింది. జీవితాంతం వేసుకోవలసిన మాత్రలు, సిగ్గుపడి డాక్టరు దగ్గరకు వెళ్ళడం మానేసిన నాడే ఆగిపోయాయి.

ఆమె మమ్మల్ని అడిగింది ఒక్కటే, ఆ బోర్డు తీయించగలరా అని. అత్తగారు అన్న మాటల్ని ఆమె తప్పు పట్టడం లేదు. ఆ మాటలు నిజమేనని ఆమే నమ్ముతోంది. ఈ సంచికకు సంపాదకీయం రాయడానికి కూర్చున్నప్పుడు మమ్మల్ని వదలకుండా వెంటాడింది బోర్డు కంటే ఆ నమ్మకమే.

ఇది స్త్రీల హక్కుల పత్రిక, ఇందులో లావు తగ్గే ఆపరేషన్ల గొడవ ఏమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. తిండికి లేని వాళ్ళ సంగతి ముందు చూడమని అనవచ్చు. కానీ ఈ రెండూ వేర్వేరు ఇళ్ళలో జరిగే విషయాలు కావు. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువో స్థూలకాయమో ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. అదే సర్వేలో, అదే వయసు స్త్రీలలో, రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే లావుగా ఉన్న మనిషే రక్తం లేక నీరసంగా కూడా ఉండవచ్చు. కంచంలో అన్నం ఉండి పప్పూ గుడ్డూ కూరా తక్కువయితే, పొద్దస్తమానం నాలుగు గోడల మధ్య చాకిరీ తప్ప కాళ్ళు సాగేలా నడవడానికి చోటూ తీరికా లేకపోతే అలాగే అవుతుంది. ఇది సోమరితనం తెచ్చిన జబ్బు కాదు.

బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకునేవారిలో ప్రపంచమంతటా నాలుగింట మూడు వంతుల మంది దాకా స్త్రీలే. లావు మగవాళ్ళకూ ఉంటుంది, కానీ లావుకు శిక్ష ఆడవాళ్ళకే ఎక్కువ. పెళ్ళిచూపుల్లో మొదలై కాన్పు తర్వాత పెరిగి, ఉద్యోగంలో కూడా వెంటాడుతుంది. 2009 జనవరిలో, అప్పటికి ప్రభుత్వ సంస్థగా ఉన్న ఎయిర్ ఇండియా బరువెక్కువని కొందరు ఎయిర్ హోస్టెస్‌లను ఉద్యోగంలోంచి తీసేసింది. అంతకు ముందు ఏడాది ఢిల్లీ హైకోర్టు కూడా సంస్థ పక్షానే నిలిచింది. 2015 జూన్‌లో నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలోని న్యూజెర్సీలో మరణించినప్పుడు, దానికి కొన్ని వారాల ముందే ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. అవే పోటీలు 2025 మే నెలలో హైదరాబాదులో జరిగాయి. ఆడదాని కొలతలు మారుతుంటాయేమో గానీ కొలిచే టేపు మాత్రం మన చుట్టూనే ఉంది.

అయితే ఒక తేడా ఇక్కడే చెప్పుకోవాలి. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును తీసి ఆకారం మార్చే పని. బేరియాట్రిక్ ఆపరేషన్ అది కాదు. 'స్లీవ్' అనే పద్ధతిలో జీర్ణాశయాన్ని నిలువునా కోసి నాలుగింట మూడు వంతులకు పైగా తీసేస్తారు. 'బైపాస్' పద్ధతిలో జీర్ణాశయంలో పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి, ఆహారం చిన్న ప్రేగుల మొదటి భాగాన్ని తప్పించుకుపోయేలా కలుపుతారు. రెండూ పెద్ద ఆపరేషన్లే. రెండింటివల్లా నిజమైన మేలు ఉంది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగు వేల మందికి పైగా మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించిన ఒక అధ్యయనం, ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళలో మరణాలు తక్కువని 2007లో తేల్చింది. షుగరు అదుపులోకి వస్తుంది, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు తగ్గుతుంది, మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది. మా దగ్గరకు వచ్చిన టీచరు కూడా ఇన్సులిన్ మానేసింది, ఇప్పటికీ మళ్ళీ మొదలుపెట్టలేదు. కనుక ఈ ఆపరేషన్లు మోసమనీ, ఎవరూ చేయించుకోకూడదనీ మేము అనడం లేదు. మనం అడగవలసింది, చెప్పవలసిన నిజం అంతా చెప్పి చేస్తున్నారా అని.

చెప్పని నిజం ఆ స్వీడన్ అధ్యయనంలోనే ఉంది. బైపాస్ చేయించుకున్న వాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళకు అది 25 శాతం దగ్గర నిలిచింది. ఆ రోజుల్లో చేసిన మరో రెండు పద్ధతుల్లో మొదట 25, 20 శాతం తగ్గిన వాళ్ళు పదేళ్ళకు 16, 14 శాతం దగ్గర నిలిచారు. అంటే అందరికంటే తక్కువ బరువుండే కాలం మొదటి రెండేళ్ళే. ఆ తర్వాత కొంత తిరిగి రావడం మామూలు. కొందరికి కొద్దిగా, కొందరికి ఎక్కువగా వస్తుంది. బోర్డుల మీద ఫొటోలు ఎప్పుడూ ఆ మొదటి రెండేళ్ళలో తీసినవే ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమవుతుంది. మన టీచరు సంగతే లెక్కవేయండి. 112 నుంచి 94 అంటే ఆరేళ్ళ తర్వాత కూడా 18 కిలోలు, అంటే 16 శాతం తక్కువే ఉంది. లెక్కల టీచరు అయి ఉండీ ఈ తీసివేత ఆమె ఎప్పుడూ చేయలేదు. ఇంట్లో అందరూ 71 నుంచి 94కు జరిగిన కూడికే చేస్తున్నారు.

బరువు ఎందుకు తిరిగి వస్తుంది? నోరు కట్టుకోలేక అని లోకం చెప్పే జవాబు. శరీర శాస్త్రం చెప్పే జవాబు వేరు. కొవ్వు కణాలు చిక్కిపోతాయి గానీ మాయమైపోవు. అవి చిక్కినకొద్దీ, కడుపు నిండిందని మెదడుకు కబురు పంపే లెప్టిన్ అనే హార్మోను తగ్గుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో తయారవుతుంది. స్లీవ్‌లో ఆ భాగం చాలావరకు పోతుంది కనుక మొదట్లో ఆకలి తెలియదు. కాలం గడిచినకొద్దీ చాలామందికి ఆకలి తిరిగి వస్తుంది. ఆస్ట్రేలియాలో ఆపరేషన్ లేకుండా ఆహార నియమంతో బరువు తగ్గిన వాళ్ళను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది గడిచాక కూడా ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదని తేలింది. అమెరికాలో ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత 2016లో పరీక్షిస్తే, వాళ్ళ శరీరాలు ఉండవలసినదానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. ధాత కరువును దాటి వచ్చిన వాళ్ళ మునిమనవరాళ్ళం మనం. శరీరానికి కరువుకూ డైటింగుకూ తేడా తెలియదు. బరువు పడిపోతే ప్రాణం మీదికొచ్చిందనుకుని దాచుకోవడం మొదలుపెడుతుంది. ఆపరేషన్ ఈ స్వభావాన్ని కొంత మారుస్తుంది కాబట్టే ఉత్త డైటింగు కంటే బాగా పనిచేస్తుంది. కానీ పూర్తిగా మార్చలేదు.

ఇంకా కారణాలున్నాయి. జీర్ణాశయం సంచి సాగవచ్చు. బైపాస్‌లో వేరుచేసిన భాగాల మధ్య మళ్ళీ దారి ఏర్పడవచ్చు. థైరాయిడ్ తగ్గవచ్చు. ఇన్సులిన్, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక జబ్బుల మందులు బరువు పెంచుతాయి. కాన్పు, ముట్లుడగడం కూడా తమ వంతు పని చేస్తాయి. ఇవేవీ నాలుక చాపల్యం కాదు.

తిండి సంగతి అసలు లేదని కాదు. ఉంది, కానీ దాన్ని వంటింట్లోనే చూడాలి. ఆపరేషన్ తర్వాత డైటీషియన్ రాసిచ్చే కాగితంలో ఏముంటుంది? కొంచెం కొంచెంగా వేళకు తినాలి. గుడ్డు, పప్పు, పెరుగు, చేపలాంటి మాంసకృత్తులున్నవి ముందు తినాలి. నెమ్మదిగా నమిలి తినాలి. తింటూ నీళ్ళు తాగకూడదు. రోజూ నడవాలి. అన్నీ మంచి మాటలే. కానీ తెల్లవారి అయిదింటికి లేచి నలుగురికి నాలుగు రకాల టిఫిన్లు, బాక్సులు కట్టి, తాను నిలబడి రెండు ముద్దలు మింగి బస్సు అందుకునే మనిషికి ఆ కాగితం ఎవరు అమలు చేయిస్తారు? ఇంట్లో ఉన్న రెండు గుడ్లలో ఒకటి మొగుడికీ ఒకటి కొడుక్కీ పోయాక మాంసకృత్తులు ముందు తినమంటే ఏం తింటుంది? పిల్లలు వదిలేసిన అన్నం పారేయడానికి చేతులు రాక నోట్లో వేసుకునేది ఎవరు? చిన్న జీర్ణాశయంలో ముద్ద అన్నం, రొట్టె ముక్క ఇరుక్కుని వాంతి వచ్చినట్టుంటే, టీలో ముంచిన బిస్కట్టూ పిడికెడు మిక్చరూ సులువుగా దిగిపోతాయి. అలసినప్పుడల్లా అవే గతి. అవి కడుపు నింపవు, బరువు పెంచుతాయి. ఇది ఆ మనిషి ఒక్కదాని క్రమశిక్షణతో తేలే వ్యవహారం కాదు. ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఎవరు ముందు తింటారు, ఎవరికి గంటసేపు నడవడానికి తీరికుంటుంది అన్న పాత ప్రశ్నలే ఇవి.

బరువు తిరిగి రావడం కంటే ఎక్కువ హాని చేసేది దాని వెంట వచ్చే సిగ్గు. సిగ్గువల్ల మనుషులు ఆస్పత్రికి వెళ్ళడం మానేస్తారు. వెళ్ళిన వాళ్ళను కూడా తూనిక మీద నిలబెట్టి, అంకె చూసి పెదవి విరిచి, "మేం చేయాల్సింది చేశాం, మీరే పాడుచేసుకున్నారు" అని పంపించే డాక్టర్లున్నారు. ఆ మాట విన్నాక మళ్ళీ ఎవరు వెళతారు? వెళ్ళకపోతే బరువు సంగతి అటుంచి బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ లోపాలు ఎవరూ చూడరు. బి12 లోపం ఎక్కువకాలం సాగితే నరాలకు జరిగే నష్టం కొన్నిసార్లు పూర్తిగా తిరిగి రాదు. మనసు సంగతీ తేలికైనది కాదు. కెనడాలోని ఆంటారియోలో 8,815 మందిని ఆపరేషన్‌కు ముందు మూడేళ్ళు, తర్వాత మూడేళ్ళు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తమకు తామే హాని చేసుకుని ఎమర్జెన్సీకి రావడం ఆపరేషన్ తర్వాతి కాలంలో సుమారు సగం మేర పెరిగింది. దీనికి కారణాలు ఎన్నో ఉండవచ్చు. కానీ ఆపరేషన్ అయ్యాక మనిషిని ఒంటరిగా వదిలేయకూడదని చెప్పడానికి ఇది చాలదా?

ఈ సిగ్గు మీద వ్యాపారం కూడా సాగుతుంది. మొదటి ఆపరేషన్ ఫలించలేదని బాధపడే మనిషికి రెండో ఆపరేషన్ చూపిస్తారు. నిజంగా లోపల నిర్మాణంలో తేడా వస్తే రెండోది అవసరం కావచ్చు. కానీ మొదటిదానికంటే దాంట్లో ప్రమాదం ఎక్కువ. ఎండోస్కోపీలాంటి పరీక్షలతో కారణం తేల్చకుండా దానికి ఒప్పుకోకూడదు. 2025లో మన దేశంలోకి బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు వచ్చాయి. టిర్జెపటైడ్ మార్చిలో, సెమాగ్లుటైడ్ బరువు మందుగా జూన్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆపరేషన్ తర్వాత బరువు తిరిగి వచ్చిన వాళ్ళకు ఇలాంటి మందులు ఉపయోగపడుతున్నాయి కూడా. కానీ సెమాగ్లుటైడ్ ఆపేసిన వాళ్ళకు ఏడాదిలో, తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని 2022లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. అంటే నెలనెలా కొనగలిగిన వాళ్ళకే ఆ దారి. ఇంకోవైపు ఆపరేషన్‌కు అర్హుల గీత కిందికి దిగుతోంది. 1991లో అమెరికా నిపుణులు గీసిన గీత ప్రకారం, వేరే జబ్బులు లేకపోతే బి.ఎం.ఐ. 40 ఉండాలి. అయిదడుగుల మనిషికి అది సుమారు 93 కిలోలు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు కొత్త సూచనలిస్తూ, ఆసియా వాళ్ళకు 27.5 దాటితే ఆపరేషన్ ఆలోచించవచ్చన్నాయి. అదే అయిదడుగుల మనిషికి అది సుమారు 64 కిలోలు. ఆసియా వాళ్ళకు తక్కువ బరువులోనే షుగరు వస్తుందన్నది నిజమే. కానీ పెళ్ళి కుదరడం లేదని కూతుర్ని తీసుకొచ్చే తల్లిదండ్రుల చేతికి ఈ అంకె చిక్కితే ఏమవుతుందో కూడా ఆలోచించాలి.

ఇక చట్టం సంగతి. ఆ టీచరు చేత ఆస్పత్రికి ఉత్తరం రాయించి ఫైలు కాపీ తెప్పించాం. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. రెండుసార్లు తిరిగాక ఇచ్చారు. ఆపరేషన్ సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంది. మూడో పేజీలో బరువు తిరిగి పెరగవచ్చన్న వాక్యమూ ఉంది. ఫొటోలు ప్రచారానికి వాడుకోవచ్చన్న వాక్యం కూడా దాని కిందే ఉంది. ఆమె తెలుగు మీడియంలో చదువుకుంది. ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి తొమ్మిదింటికి, "ఇక్కడా ఇక్కడా సంతకం పెట్టండమ్మా" అంటే పెట్టింది. ఆమె సంతకానికి పైన భర్త సంతకం ఉంది.

చెప్పామని ఆస్పత్రి అంటుంది. చెప్పలేదని ఆమె అంటుంది. న్యాయం దృష్టిలో చెప్పడమంటే ఏమిటో 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అనుమతి లేకుండా గర్భసంచి తీసేసిన ఒక స్త్రీ కేసులో, రోగి సమ్మతి నిజమైన సమ్మతి కావాలంటే చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు తగినంతగా వివరించి ఉండాలని చెప్పింది. సంతకం ఒక్కటే సమ్మతి కాదు. మనకు ఇది కొత్త పాఠం కూడా కాదు. 1980ల మధ్యలో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను అది ప్రయోగమని సరిగా చెప్పకుండా స్త్రీలకు ఇవ్వబోతే, హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన, ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అప్పుడు అడిగినదే ఇప్పుడూ అడుగుతున్నాం. మా ఒంటి మీద ఏం చేయబోతున్నారో మాకు అర్థమయ్యే భాషలో ముందుగా చెప్పండి. ఆ 2002 నియమాలలోనే ఆపరేషన్‌కు సమ్మతి ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పే వాక్యంలో భర్త లేదా భార్య ముందు వస్తారు, రోగి చివర్న వస్తుంది. వయసొచ్చిన మనిషి శరీరం మీద మొదటి సంతకం ఆమెదే కావాలని మనం గట్టిగా అనవలసి ఉంది. రోగి అనుమతి లేకుండా గుర్తుపట్టేలా ఫొటోలు ప్రచురించకూడదని కూడా ఆ నియమాలే చెబుతున్నాయి.

డబ్బు విషయంలోనూ ఇదే తంతు. 2019లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన నిబంధనల ప్రకారం డాక్టరు సలహా, బి.ఎం.ఐ. 40 లేదా తీవ్రమైన జబ్బులతో 35, ఇతర మార్గాలు విఫలం కావడం వంటి షరతులు నెరవేరితే ఊబకాయం చికిత్స అన్న పేరుతో ఆపరేషన్ ఖర్చును కంపెనీలు తోసిపుచ్చడానికి లేదు. ఇది తెలిసి ఉంటే చాలామంది గొలుసులు కుదువ పెట్టేవారు కాదు. కానీ ఆ తర్వాత ఏళ్ళ తరబడి కావలసిన మాత్రలూ రక్తపరీక్షలూ డైటీషియన్ సలహా సాధారణంగా బీమాలోకి రావు. ఆపరేషన్‌కు లక్షలు పెట్టే కుటుంబం, అయిదో ఏట పరీక్షలకు రెండు వేలు అడిగితే విసుక్కుంటుంది. అసలు చికిత్స ఆ రెండు వేలలోనే ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఆపరేషన్ చేయించుకుని, బరువు తిరిగి వస్తోందని లోలోపల కుమిలిపోతున్న సోదరీమణులకు ఒక మాట. ముందు డాక్టరు దగ్గరకు తిరిగి వెళ్ళండి. చేసిన చోట అవమానం జరిగితే ఇంకో చోటికి వెళ్ళండి, ఫైలు మీది, దాన్ని అడిగి తీసుకోండి. బరువు చూడక ముందే బి12, ఇనుము, డి విటమిన్, కాల్షియం, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించండి. మీరు వేసుకునే మందుల చీటీలన్నీ తీసుకెళ్ళి వీటిలో బరువు పెంచేవి ఏమైనా ఉన్నాయా అని అడగండి. ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి. కంచంలో గుడ్డూ పప్పూ పెరుగూ ముందు తినండి, అన్నం తర్వాత. వారం రోజులు తిన్నదీ తాగినదీ ఒక నోటుబుక్కులో రాస్తే ఎక్కడ టీలు, బిస్కట్లు చేరుతున్నాయో మీకే తెలుస్తుంది. అది మిమ్మల్ని మీరు తిట్టుకోవడానికి కాదు, డాక్టరుకు చూపించడానికి. బరువు తగ్గాక గర్భం త్వరగా రావచ్చు, కనుక ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఆగమంటారు. అత్తింటివాళ్ళు తొందరపెట్టినా ఆగండి. బైపాస్ అయిన వాళ్ళకు గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు, వేరే పద్ధతి అడగండి. మనసు కుంగిపోతుంటే అది కూడా చికిత్సలో భాగమే. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

కుటుంబాలకు చెప్పవలసిందీ ఉంది. షుగరు పెరిగిందని ఎవరినీ సిగ్గులేదా అని అడగం. బి.పి. పెరిగితే మందు మార్చమంటాం. బరువు తిరిగి వచ్చినప్పుడు కూడా అదే మర్యాద ఇవ్వండి. పొద్దున గంటసేపు వంటిల్లు మీరు చూసుకుంటే ఆమె నడిచొస్తుంది. వేయి నీతులు చెప్పేకంటే అది మేలు.

డాక్టర్లనూ ఆస్పత్రులనూ ప్రభుత్వాన్నీ మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందు తెలుగులో, ఉర్దూలో, ఏ భాష వచ్చిన వాళ్ళకు ఆ భాషలో, అయిదేళ్ళకు పదేళ్ళకు ఏమవుతుందో చెప్పాలి. సమ్మతి పత్రం ఇంటికి తీసుకెళ్ళి చదువుకోవడానికి కొన్ని రోజులు వ్యవధి ఇవ్వాలి. ఫొటోల అనుమతి వేరే కాగితం మీద ఉండాలి, ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలుండాలి. ప్రకటనలో మొదటి ఏడాది ఫొటో వేస్తే అయిదో ఏడాది సంగతీ చెప్పాలి. ఆ తర్వాతి చికిత్స ఖర్చును బీమాలో చేర్చాలి. ప్రభుత్వ ఆస్పత్రులలో ఊబకాయానికి గౌరవంగా చికిత్స చేసే విభాగాలుండాలి. అధిక బరువున్న వాళ్ళకు సరిపడే బి.పి. పట్టీ, కుర్చీ, స్ట్రెచర్ లేని చోట గౌరవం గురించి మాట్లాడి ప్రయోజనం లేదు.

ఆ టీచరు రాసిన రెండో ఉత్తరం తర్వాత బోర్డు మీది ఫొటోలు తీసేశారు. వాటి స్థానంలో ఇంకో స్త్రీ ఫొటోలు పెట్టారు. పోయిన నెల మీటింగుకు ఆమె మళ్ళీ వచ్చింది. బి12 ఇంజెక్షన్లు తీసుకుంటోంది, తిమ్మిర్లు కొంత తగ్గాయట. ఈసారి చున్నీ భుజం మీదే ఉంది. బోర్డు మీది కొత్త అమ్మాయి ఎవరో కనుక్కోవాలంది. "రెండేళ్ళ తర్వాత ఆమెకు ఎవరైనా కావాలి కదక్కా" అంది. ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళను ప్రతి రెండో శనివారం మా ఆఫీసులో కలిపే బాధ్యత తనే తీసుకుంటానంది. ఆ పని మొదలైంది. మీ ఊళ్ళో కూడా అలాంటి నలుగురు ఉంటారు, వెతికితే దొరుకుతారు.